తొమ్మిదోది

మాలకొండయ్య మామ నాటు తుపాకిలో
తొమ్మిది గుళ్ళు పోసేవాడు.
పదోది దండగ, ఎనిమిదైతే పంది నవ్వుద్దనేవాడు.

ఇసకపల్లి పట్టపుపాళెంలో
చిరిగిన విసురువల నుంచి విప్పి కొనుక్కొచ్చిన సీసం అది.
సముద్రంలో చేపల మీదకి దిగిన బరువు
మా సీతారాంపురం మెట్టకెక్కి
ఇనపగరిటెలో కరిగి, అచ్చులో చల్లారి,
శనగ్గింజకి అన్న అయ్యేది.
ప్రతి గుండు నడుముకీ సన్నటి గీత,
అచ్చు చెక్కలు రెండూ కలిసిన చోట.

"దూరాన్నుంచి కొడితే ఇత్తనాలు చల్లినట్టురా,
యాడ పడతయ్యో యాడ మొలుస్తయ్యో.
దగ్గిరికి రానీ.
పిడికిట్లో పోటు మాదిరుండాల."

శెనక్కాయ చేను గట్టున, కంపచెట్టు చాటున,
గాలి మా మొహాలకి కొట్టే వైపు
మోకాళ్ళ మీద కూర్చునేవాళ్ళం.
బ్యాటరీ లైటు నా పని.
చెప్పినప్పుడు వెయ్యాలి, చెప్పకముందు దగ్గకూడదు.
ముందు వాసన వచ్చేది.
తర్వాత ఊడలు తెగే చప్పుడు, కాయ నమిలే చప్పుడు.
కోమటంగట్లో మా బాకీ పుస్తకం
పేజీ పేజీ నముల్తున్నట్టు వినపడేదట మామకి.
పదిహేను అడుగులు. పది.
ఇంకా చెప్పడే.
ఎనిమిది.
"ఎయ్."

వెలుతురు, మోత, పొగ.
ఏది ముందో ఇప్పటికీ చెప్పలేను.

తెల్లారి వెంగమ్మత్త
కత్తిపీట ముందేసుకుని మాంసంలో గుళ్ళు ఏరేది
వేలికొసతో, బియ్యంలో రాళ్ళేరినట్టు.
నాటుమందుకి అంత బలం లేదు,
దగ్గర్నుంచి కొట్టినా అవతలికి దూరవు.
కడిగి, సున్నపుకాయలో వేసి, లెక్కపెట్టి, మూత బిగించేది.
మళ్ళీ అవే గుళ్ళు.
ఒక పందిలోంచి ఇంకో పందిలోకి
అద్దిళ్ళు మారినట్టు మారేవి.

ఆ ఏడు ఎనిమిదే దొరికినయ్.

నాకు పదకొండేళ్ళు. కూరలో
దవడపన్ను కింద టక్కుమంది ఒకటి.
నాలిక కింద దాచి
చెయ్యి కడుక్కునేటప్పుడు నిక్కరు జేబులో వేసుకున్నా.
ఎందుకంటే ఏం చెప్పను.
గుండ్రంగా ఉంది. నాదనిపించింది.
అత్త మూడుసార్లు లెక్కపెట్టింది.
నేను మూడుసార్లూ చూస్తూ కూర్చున్నా.

తర్వాతిసారికి సీసం లేదు, ముసురు పట్టింది,
సముద్రం దాకా ఎవరు పోతారు.
మామ ఎనిమిదే పోశాడు.
ఏకలం. లైట్లో దాని కళ్ళు రెండూ నన్నే చూసినయ్.
మోత అయింది. అది పడలేదు.
పొగలోంచి లేచి వచ్చింది.
లైటు నా చేతిలోనే ఉంది కాబట్టి
మొత్తం చూశాను,
తొడ చీలడం ముందు ఎర్రగా ఉండదు, తెల్లగా ఉంటుంది.

ఉదయగిరి ఆసుపత్రిలో ముప్పై ఒక్క కుట్టు.
కంచె చువ్వ గుచ్చుకుందని రాయించారు.
తుపాకి ఏ పాడుబావిలో పడిందో నాకు చెప్పలేదు.

ముప్పై ఏళ్ళు. ఊళ్ళు మారాను, చొక్కాలు మారాయి,
అగ్గిపెట్టె మారలేదు.
మొన్న తీసుకెళ్ళి మామ మంచం మీద పెట్టి
చెప్పాల్సింది చెప్పేశాను, తల నేలకేసి.

మామ కళ్ళద్దాలు పైకి తోసి
గుండుని బొటనవేలి కింద దొర్లించాడు.
ఒకసారి ఇటు. ఒకసారి అటు.
"గీత లేదు గదరా దీనికి.
ఒత్తుకుపోయినా గీత పోదు.
ఇది మన అచ్చు గాదు, అంగట్లో గుండు.
ముందెవురో దూరాన్నుంచి కొట్టుంటారు.
తోలు కిందేసుకుని తిరగతా ఉండాది."

ఊపిరి వదలబోయాను.

లోపల చేటలో చింతపండు గింజలు తీస్తా
వెంగమ్మత్త, తలెత్తకుండానే,
"అట్టయితే మన తొమ్మిదోది యాడుందయ్యా?"

మామ పంచె మీదనే మచ్చ గోక్కున్నాడు.
"వాడకట్టంతా తిన్నాం గదే.
ఎవురి కడుపులోనో."

అగ్గిపెట్టె మంచం మీదే ఉంది.
లేచి వచ్చేటప్పుడు నేనూ తీసుకోలేదు,
ఆయనా ఇవ్వలేదు.